ఆరేళ్లతో బతుకు తేలిపోదు

మొక్కై వంగనిది మానై వంగునా అనే పాత మాటకు ఇప్పుడొక కొత్త అంకె తోడైంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అంగన్‌వాడీలకు నిధులు అడగడానికి అది మంచి వాదనే. కానీ స్టాఫ్‌రూముల్లో, హాస్టళ్లలో అదే అంకె తీర్పుగా మారుతోంది. పసితనంలో దెబ్బలు తిన్నవాణ్ణి, పనిలో మగ్గినదాన్ని చూపించి ‘వీళ్లకిక చదువెక్కడ ఎక్కుతుంది?’ అంటున్నారు. ఆ మాట తప్పు. శాస్త్రం పేరు చెప్పి అనడం మరీ తప్పు.

ఆరేళ్లకు మెదడు పరిమాణం పెద్దవాళ్ల మెదడుకు దగ్గరపడే మాట నిజమే. అయితే పరిమాణం వేరు, పనితీరు వేరు. ఆలోచించి అడుగేయడానికీ, కోపాన్ని అణచుకోవడానికీ తోడ్పడే ముందరి భాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా కుదురుకుంటూనే ఉంటుంది.

రుమేనియాలోని బుకారెస్ట్‌లో 136 మంది అనాథాశ్రమ పసివాళ్లపై ఒక పరిశోధన జరిగింది. సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. తెలివితేటల్లో, అనుబంధాల్లో వాళ్లే ముందున్నారు. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లకు మేలు ఎక్కువ జరిగిందనీ తేలింది. దాన్నిబట్టి మనం త్వరపడాలి. అంతేగానీ ఆలస్యమైన పిల్లల్ని వదిలేయమని ఆ పరిశోధన చెప్పలేదు.

ఆలస్యమైన పిల్లల సంగతి తెలియాలంటే పశ్చిమ మారేడ్‌పల్లిలోని మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ చేసిన పని చూడాలి. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో జీతాలకు కుదిరిన పిల్లల్నీ, పశువుల వెంట తిరిగే పిల్లల్నీ ఆ సంస్థ బడికి తెచ్చింది. పదేళ్లు దాటినా అక్షరం దిద్దనివాళ్లను బ్రిడ్జి కోర్సు క్యాంపుల్లో ఉంచి, ఆటపాటలతో, కథలతో మచ్చిక చేసి, వయసుకు తగిన తరగతిలో చేర్చింది. ఆ పనిని నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మెదడు స్కాన్లు చూసి వాళ్లు పిల్లల్ని ఎంచుకోలేదు. బడి ప్రతి పిల్ల హక్కని నమ్మారు.

ఆ నమ్మకం ఎందుకు ఫలించిందో శాస్త్రం చెబుతుంది. ఏళ్లతరబడి దెబ్బలు తిన్న పిల్లవాడు, టీచరు బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తినా మోచేతులు తలకు అడ్డం పెట్టుకుంటాడు. వాడి మెదడు ప్రమాదానికి కాపలా కాస్తోంది. ఆ కాపలా సడలకుండా ఎక్కం తలకెక్కదు. మనమేమో వాణ్ణి మొద్దు అంటాం, బెత్తం తీస్తాం. వాడి భయమే నిజమని మనమే రుజువు చేస్తాం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గాయపడిన పిల్లవాడి విషయంలో ఆ సెక్షనే మొదటి వైద్యం.

మిగతాదీ అందుబాటులో ఉన్నదే. వేళకు తిండి, కంటినిండా నిద్ర, ఏడాది పొడుగునా మారని ఒక పెద్దదిక్కు, తర్వాత ఏం జరగబోతోందో ముందే చెప్పడం, అవసరమైతే కౌన్సెలర్. పిల్లవాడికి ఏం చేయాలో తెలుసుకోవడానికే మెదడు శాస్త్రం కావాలి, ఏ పిల్లవాడి మీద ఆశ వదులుకోవాలో లెక్కగట్టడానికి కాదు.

ఆరేళ్లకే అంతా తేలిపోయేదైతే, బడి మానేసిన పదేళ్లు దాటిన ఆడపిల్లల కోసం 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు పెట్టనక్కర్లేదు. పెట్టాం, వాటిలో ఆడపిల్లలు చదువుకుంటున్నారు. వాళ్ల టీచర్లకూ, వార్డెన్లకూ గాయపడిన పిల్లలతో మెలిగే శిక్షణ ఇవ్వడం ప్రభుత్వం వెంటనే చేయాల్సిన పని.