మళ్ళీ మొదటి పాఠం

ఎవరూ చెప్పకుండా, విని, చూచి, చేయి అలవాటు చేసుకొని వాద్యం వాయించేవారిని ఏకలవ్య శిష్యులని మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. కాని అలా కొంతదూరం వచ్చినవాడు ఒకనాడు గురువు ముందు కూర్చొని మొదటి పాఠం చెప్పించుకుంటే, “ఇన్నాళ్ళూ వచ్చిందంతా ఏమైంది?” అని నవ్వేవారున్నారు. ఆ నవ్వు తగదు.

ఇళయరాజా 1943లో, నేటి తేని జిల్లాలోని పన్నైపురంలో జన్మించారు. పద్నాలుగో ఏట అన్నగారైన పావలర్ వరదరాజన్ పాటల బృందంలో చేరి ఊరూరా తిరిగారు. సంగీతం ఆయనకు ఆ తిరుగుళ్ళలోనే వంటబట్టింది. 1968 ప్రాంతంలో నాటి మద్రాసుకు వచ్చి, ధన్‌రాజ్ మాస్టారి వద్ద పాశ్చాత్య సంగీతం నేర్వసాగారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. వేలమంది ముందు వాయించిన అనుభవం ఉంది. అయినా శిష్యుడిగా కూర్చున్నారు.

ఇలా కూర్చోవడం ఎంత కష్టమో పియానో సంగతి తెలిస్తే అర్థమవుతుంది. హార్మోనియం వాయించేవాడి ఎడమచేయి తిత్తి ఊదడానికే సరిపోతుంది, పాటంతా కుడిచేతిదే.  పియానోకు తిత్తి లేదు. 52 తెల్లమెట్లు, 36 నల్లమెట్లు, మొత్తం 88 మెట్ల మీద రెండు చేతులూ రెండు దారుల్లో నడవాలి. మెట్టు నొక్కగానే లోపల ఒక చిన్న సుత్తి తీగను కొడుతుంది. వేలి వేగాన్ని బట్టి ధ్వని హెచ్చుతుంది, తగ్గుతుంది. సొంతంగా నేర్చినవాడు తరచుగా బలమైన రెండు మూడు వేళ్ళతోనే పని గడుపుకుంటాడు. వేగం పెరిగితే ఆ చేయి చిక్కుపడుతుంది. అందుకే బొటనవేలిని తక్కిన వేళ్ళ కిందుగా జరపడం గురువు మొదట్లోనే నేర్పుతాడు. (ఏకలవ్యుడు గురువుకు ఇచ్చుకున్నది ఆ వేలినే, ఇక్కడ గురువు దాన్ని పనిలో పెడతాడు.) పాత అలవాటు మానడం కొత్తది నేర్వడం కన్నా కష్టం. నిన్నటిదాకా చప్పట్లు కొట్టించుకున్న చేయి కొన్ని నెలలపాటు పసిపిల్లల పాటకు కూడా తడబడుతుంది. చాలామంది అక్కడే వెనుదిరుగుతారు.

శిక్షణవల్ల సొంత బాణీ పోతుందని ఒక వాదం ఉంది. దాన్ని పూర్తిగా కొట్టివేయలేం. పరీక్షకు కావలసిన మూడు పాటలనే ఏడాది పొడవునా వల్లించి, కాగితం లేనిదే ఒక్క స్వరం పలికించలేనివారు ఉన్నారు. ఇది శిక్షణ దోషం కాదు, దాన్ని అంతటితో ఆపడంలోని దోషం. ఇళయరాజా కూడా లండన్ ట్రినిటీ సంగీత కళాశాల పరీక్ష వ్రాసి, గిటారులో స్వర్ణపతకం పొందారు. తరువాత 1976లో ‘అన్నక్కిళి’ చిత్రంలో వినిపించింది పల్లెపాటల బాణీయే. తెలుగులో ‘సాగరసంగమం’, ‘రుద్రవీణ’ చిత్రాల సంగీతానికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. 1986లో వెలువరించిన ఒక వాద్యసంగీత సంపుటిని త్యాగరాజస్వామికీ, జర్మనీ స్వరకర్త బాహ్‌కూ అంకితం చేశారు.

ధన్‌రాజ్ మాస్టారి వద్ద నేర్చిన స్వరలిపి ఆయనకు జీవితాంతం పనికివచ్చింది. 2025 మార్చి 8న లండన్‌లో ఆయన సింఫనీ ‘వాలియంట్’ ప్రదర్శితమైంది. అప్పటికి ఆయన ఎనభై ఏళ్ళు దాటినవారు. తమిళంగాని, తెలుగుగాని ఎరుగని అక్కడి వాద్యకారులు ఆయన వ్రాసిన స్వరాలను ఎదుట పెట్టుకొని వాయించారు.