యంత్రమునకు కావలి

గడ్డిఅన్నారము నుండి బాటసింగారమునకు తరలివచ్చిన పండ్ల మార్కెట్టులో, బత్తాయి తెచ్చిన రైతు వేలము ముగియువరకు తన సరకునొద్దనే నిలువవలెను గదా. ఆ సమయమున అతని బోరు మోటారు ఎక్కడో నల్లగొండ జిల్లాలో తనంతట తాను నడచుచుండును. ఒక పనిలో నుండి మరియొకచోట నడచు యంత్రమును కనిపెట్టుట యెట్లు అను విషయమై సంఘ సభ్యులతో కొంత ముచ్చటింపదలచితిని.

గత వేసవిలో అచ్చట నా ప్రక్కన నిలిచిన యొక రైతు ఫోను గంటలో ఏడు పర్యాయములు మ్రోగినది. పిలుచునది మోటారునకు బిగించిన స్టార్టరు పెట్టె. కరెంటు వచ్చినదని యొకసారి, పోయినదని యొకసారి, వోల్టేజి తగ్గినదని మరియొకసారి. ఆయన విసిగి ఫోను చప్పుడు కట్టివేసి జేబులో వేసికొనెను. ఎనిమిదవ పిలుపు బోరులో నీరు దిగిపోయిన సంగతి! సాయంకాలము ఇల్లు చేరునప్పటికి మోటారు వైండింగు కాలిపోయియుండెను. జనులు ఆయనను అజాగ్రత్తపరుడనిరి. నేనొప్పుకొనను. నీరు లేదని తెలిసియు ఆగక, ఫోను మాత్రము చేసిన ఆ పెట్టె అమరికయందే లోపము కలదు.

మన తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీ నుండి సేద్యమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఇయ్యబడినది. అంతకుముందు కరెంటు ఏ అర్ధరాత్రియో వచ్చెడిది. చీకటిలో పాములకు, తేళ్లకు వెరచి రైతులు ఆటోమాటిక్ స్టార్టర్లు బిగించుకొనిరి; ఆనాటికది మేలే. కాని దినమంతయు కరెంటు రాగా, అదే స్టార్టరు అక్కర యున్నను లేకున్నను నీరు తోడసాగెను. భూగర్భజలము తరిగిపోవును గనుక వానిని తొలగింపుడని ప్రభుత్వమే రైతులను కోరవలసివచ్చెను. యంత్రము చెడలేదు, చెప్పిన పనియే చేసినది. కాలము మారినదని దానికి చెప్పువాడు లేకపోయెను.

అట్లని మోటారు ప్రక్కన కుక్కిమంచము వేసికొని కూర్చుండుమని నేననుట లేదు. మాక్వర్తు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1948లో ప్రకటించిన ప్రయోగములలో, యువసైనికులను గడియారము వంటి పరికరము ముందు రెండు గంటలు కూర్చుండబెట్టి, ముల్లు ఎప్పుడో యొకసారి రెండంగలు వేయుటను కనిపెట్టుమనెను. అరగంట గడచునప్పటికే వారి పొరపాట్లు హెచ్చెను. (మంచెమీద రాత్రి కావలి కాచినవారికి ఈ సంగతి ఏ శాస్త్రజ్ఞుడును చెప్పనక్కరలేదు.) 2018 మార్చిలో అమెరికాలోని టెంపే నగరమున, తనంతట నడచు కారొకటి రోడ్డు దాటుచున్న స్త్రీని ఢీకొని చంపినది. కావలికై కారులో కూర్చున్న మనిషి అప్పుడు ఫోను చూచుచుండినట్లు విచారణలో తేలినది.

కావున మనుష్యుని కన్నుపైననే భారమంతయు మోపరాదు. అపాయము తోచినచో యంత్రము ముందు తానాగి, పిదప పిలువవలెను. పిలిచినప్పుడు ఏమి జరిగినదో, తానేమి చేసినదో, రైతు ఏమి నిశ్చయింపవలెనో తెలుగున నాలుగు మాటలలో చెప్పవలెను. కరెంటు వచ్చిపోవు కబుర్లు సాయంకాలము ఒక్కసారి తెలిపిన చాలును. స్టార్టరు కొనునపుడు వెల కంటె ముందు ఈ సంగతులే యడుగుడు.

మందు చల్లు డ్రోనుది వేరు మాట. మోటారు ఆగినచో ఉన్నచోటనే యుండును. డ్రోను గాలిలో నుండును, కరెంటు తీగ యెదురగును, మందు పొరుగువాని చేనిపై పడును. అది ఎగురు కొద్ది నిమిషములు వేరొక పని కూడదని నా దృఢాభిప్రాయము. బ్యాటరీ మార్చునపుడు కావలసినంత మాటలాడుకొనవచ్చును.

మన చెరువుల క్రింద నీరడి యుండెడివాడు. ఊరివారందరును తూమువద్ద కూర్చుండలేదు. అతడొక్కడు తిరిగి చూచెడివాడు, కళ్లములో అతనికి ధాన్యము కొలిచెడివారు. అట్లే పది బోర్ల పిలుపులు గ్రామమందున్న ఒక యువకుని ఫోనునకు పోవునట్లు సంఘమువారేల యేర్పరుపరాదు? మార్కెట్టు దినములలో అతనికి కూలి యియ్యవచ్చును. స్టార్టరు పెట్టె తాళపుచెవియు, మోటారు ఆపు అధికారమును అతనికుండవలెను. లేనిచో అతడును బాటసింగారమునకు ఫోను చేయుటయే యగును. ఈ యేర్పాటునకు సమ్మతించువారు రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందే కార్యదర్శిగారికి వ్రాయుడు. వేసవి కోత దగ్గరపడుచున్నది.