కార్డులో నత్రజని వేరు, తడిలో నత్రజని వేరు

నేల తడిలోని నైట్రేట్‌ను కొలిచే, జేబులో పట్టే పరికరం భూసార కార్డుకు బదులట! రెండూ కొలిచేది ఒకే నత్రజని అయితే కదా, ఒకటి మరొకదానికి బదులయ్యేది.

కార్డులోని ‘లభ్య నత్రజని’ అంకె వెనక 1956 నాటి పద్ధతి ఉంది. సుబ్బయ్య, అసిజా దాన్ని ‘కరెంట్ సైన్స్’లో ప్రకటించారు. మట్టిని క్షార పర్మాంగనేట్‌తో మరిగించి, సేంద్రియ పదార్థం నుంచి వెలువడే అమ్మోనియాను లెక్కకడతారు. హెక్టారుకు 280 కిలోల లోపైతే తక్కువ, 560 దాటితే ఎక్కువ. నేల తనంతట తాను ఎంత ఇవ్వగలదన్నదే ఆ పద్ధతి అడిగే ప్రశ్న. యూరియా వాడకం అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజులకు అది సరైన ప్రశ్నే. కానీ ఆ మరుగులో నైట్రేట్ లెక్కకు రాదు. కొన్ని ల్యాబులైతే ఆ మరిగించే శ్రమా పడవు, సేంద్రియ కర్బనాన్ని చూసి నత్రజనిని ఊహిస్తాయి.

మొన్న చల్లిన యూరియా నైట్రేటుగా మారాక మట్టి రేణువుకు అంటుకోదు, రెండింటిదీ రుణావేశమే. నీటి వెంటే దిగిపోతుంది. దాన్ని పట్టాలంటే వేళ్ల కింద పింగాణీ కప్పు పాతి, గాలి లాగేసి, ఊరిన నీటిలో, నైట్రేట్ ఉంటే గులాబీ రంగు తిరిగే స్ట్రిప్ ముంచాలి. డ్రిప్ మీద మిర్చి వేసిన రైతుకు అక్కడ గులాబీ రంగు ముదిరిందంటే, ఎరువు బోరు దారి పట్టినట్టే. నీరు నిలిచిన వరిలో మాత్రం స్ట్రిప్ తెల్లబోతుంది. గాలాడని ఆ బురదలో నత్రజని అమ్మోనియంగానే ఉంటుంది. స్ట్రిప్‌ను నమ్మి ఇంకో బస్తా చల్లితే డబ్బు దండగ. వరికి ఆకు రంగు పట్టికే మేలు.

స్ట్రిప్ అంకె చదివే కొలమానాలది ఇంకో తికమక. లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ అన్నా, నైట్రేట్ నత్రజనిగా సుమారు 10 అన్నా ఒకటే. మన తాగునీటి ప్రమాణం మొదటి లెక్కలో, అమెరికాది రెండో లెక్కలో ఉంటాయి. ఏ లెక్కో చెప్పకుండా అంకె అచ్చేస్తే నాలుగున్నర రెట్లు తేడా కొడుతుంది.

స్ట్రిప్ కచ్చితం కాదంటారు. నిజమే, మసక నీరు, పాతబడ్డ డబ్బా దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. అయినా రెండున్నర హెక్టార్ల సాగునీటి భూమికి ఒక్క నమూనా, అదీ పైరు లేనప్పుడు తీసింది, జులైలో కుండపోత కురిసిన మర్నాడు రైతుకు ఏం చెబుతుంది? భాస్వరం, జింకు, పీహెచ్ కార్డులోనే ఉండనివ్వండి. నత్రజని గడి కొట్టేసి, మిగిలే ఖర్చుతో రైతు సేవా కేంద్రానికి నాలుగు కప్పులు, ఓ స్ట్రిప్‌ల డబ్బా కొనివ్వండి.