నడపడం వచ్చు సరే, దిగి చూడడం వచ్చా?

మొదటి వానలు పడ్డాయంటే ఉప్పునుంతల నుంచి అచ్చంపేట దాకా ఏ చేన్లో చూసినా ట్రాక్టర్లే. స్టీరింగ్ పట్టుకున్నవాళ్లలో డిగ్రీ చేతికొచ్చి నోటిఫికేషన్ కోసం చూస్తున్న కుర్రాళ్లూ ఉంటారు. మీరూ అందులో ఒకరైతే ఓ ప్రశ్న. దుక్కి మొదలుపెట్టి ఇరవై అడుగులు పోయాక బండి ఆపి, దిగి, వెనక మట్టిలో చెయ్యి పెట్టి ఎప్పుడైనా చూశారా?

చాలామంది చూడరు. కిరాయి గంటల లెక్కన కదా, దిగితే టైం దండగ అనుకుంటారు. కానీ కల్టివేటర్ ఓ పక్క ఆరంగుళాలు దిగి, ఇంకో పక్క పైపైన గీకిపోతే నష్టపోయేది చేను ఇచ్చిన రైతే. తడి సమంగా నిలవదు, గింజ ఒక లోతులో పడదు, మొలక సాలు విడిచి సాలు వస్తుంది. పత్తి విత్తనాల ప్యాకెట్లు మళ్లీ కొనాల్సి వస్తుంది. అదను మాత్రం తిరిగి రాదు.

సరిచేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. ముందు వెనక టైర్లు రెండింట్లో గాలి సమానంగా ఉందో లేదో చూడండి. ఒకదాంట్లో తగ్గితే పనిముట్టంతా అటే వాలుతుంది. చదునైన చోట బండి ఆపి కల్టివేటర్ దించండి. కుడి ఎడమలు తేడాగా ఉంటే కుడివైపు లిఫ్ట్ రాడ్ తిప్పి సరిచేయాలి. ముందు కర్రులు లోతుకు దిగి వెనకవి తేలుతుంటే టాప్ లింక్ పొట్టిగా ఉన్నట్టు, కాస్త పొడవు చేయాలి. వెనకవే ఎక్కువ దిగుతుంటే పొట్టి చేయాలి. పక్క చెయిన్లు రెండూ ఒకే బిగువులో ఉంటేనే పనిముట్టు బండికి నడిమధ్యన నడుస్తుంది. ఒక కర్రు అరిగి, పక్కది కొత్తదైతే ఎన్ని తిప్పినా లాభం లేదు, మార్చాల్సిందే. ఇదంతా అయ్యాక కూడా చేన్లో దిగి పుల్లతో అడ్డంగా నాలుగు చోట్ల లోతు కొలవండి.

రోటవేటర్ సంగతి వేరు. మన ఎర్ర చల్క నేలల్లో మట్టిని పిండి చేస్తే చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. గట్టి వాన పడి ఎండ కాసిందా, పైన పెచ్చు కడుతుంది, మొలక బయటికి రాలేదు. వెనక రేకు ఎంత దించాలో, బండి ఎంత వేగంగా పోవాలో నేలను చూసి తేల్చుకోవాలి. మెత్తగా దున్నినవాడే మంచి డ్రైవరన్న పేరు మన ఊళ్లలో ఎలా వచ్చిందో గానీ, అది తప్పు.

ఇందులో ఉద్యోగం ఉందా అంటారా? లక్షల జీతాలని ఆశపెట్టం. కానీ ట్రాక్టర్ షోరూంల సర్వీస్ విభాగాలకూ, యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలకూ కావాల్సింది ఇంజన్ ఒక్కటే తెలిసినవాళ్లు కాదు, వెనక పనిముట్టును నేలకు కుదిర్చేవాళ్లు. ఐటీఐలో ట్రాక్టర్ మెకానిక్ ట్రేడ్ ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. మన జిల్లాలోనే పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అడగడానికి వెళ్తే మాత్రం ఎండాకాలంలోనే వెళ్లండి. మిరిగం వచ్చాక నేర్పే తీరిక ఎవరికీ ఉండదు.