ఉత్తరం దాచుకున్నవాడే సంపాదకుడు

రాయ్‌పూర్ నుంచి దుర్గ్ వైపు వెళ్లే రైలు ఖారున్ నది దాటగానే కుమ్హారి వస్తుంది. ఆ తర్వాత భిలాయి. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన కాలం నుంచీ పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది అలవాటైన దారి. అదే పట్టాల మీద ఇంకాస్త ముందుకు వెళితే రాజ్‌నాంద్‌గావ్. హిందీ కవి గజానన్ మాధవ్ ముక్తిబోధ్ 1958 నుంచి అక్కడి దిగ్విజయ్ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆయన మాతృభాష మరాఠీ, రాసింది హిందీలో. ఇంట్లో ఒక భాష, వీధిలో మరో భాషగా బతికే భిలాయి తెలుగువారికి ఆయన పరిస్థితిని విడమరచి చెప్పనక్కర్లేదు.

ముక్తిబోధ్ 1964 సెప్టెంబర్ 11న ఢిల్లీలో కన్నుమూశారు. అప్పటికి ఆయన సొంత కవితా సంపుటి ఒక్కటీ వెలువడలేదు. భారతీయ జ్ఞానపీఠ్ వేసిన తొలి సంపుటి 'చాంద్ కా ముహ్ టేఢా హై'ని ఆయన చూసుకోలేదు. అంతకు రెండేళ్ల ముందే, 1962లో, ఆయన రాసిన చరిత్ర పాఠ్యపుస్తకాన్ని నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. బతుకుతెరువు కోసం రాసిన పుస్తకం అలా పోయింది. ప్రాణం పెట్టి రాసిన కవితలు చిత్తుప్రతుల కట్టలుగా మిగిలాయి.

ఆ కట్టలు పుస్తకాలుగా మారడం వెనుక మిత్రుల చేయి ఉంది. వారిలో ముఖ్యుడు నేమిచంద్ర జైన్. 1943లో అజ్ఞేయ సంపాదకత్వంలో వచ్చిన 'తార్ సప్తక్'లో ఈ ఇద్దరూ కవులే. ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. 1980లో ఆరు సంపుటాల ముక్తిబోధ్ రచనావళికి సంపాదకత్వం వహించింది నేమిచంద్రే. తమ ఉత్తరాలను 1984లో 'పాయా పత్ర్ తుమ్హారా' పేరుతో ఆయన అచ్చు వేయించారు. 'నీ ఉత్తరం అందింది' అని ఆ మాటకు అర్థం. ఒక కవితను పదేపదే తిరగరాసే కవి విషయంలో ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చాలంటే సంపాదకుడికి తేదీ వేసిన ఉత్తరాన్ని మించిన సాక్షి ఉండదు.

తెలుగులోనూ ఇలాంటి కథ ఉంది. సి.పి.బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలకు నకళ్లు రాయించి, పాఠాలు సరిచూయించారు. ఆ పని తాలూకు జాబులను పారేయక దాచారు. శతాబ్దం దాటాక, 1970లలో, పాత్రికేయుడు బంగోరె (బండి గోపాలరెడ్డి) మద్రాసులో వాటిని తవ్వితీసి వెలుగులోకి తెచ్చారు. మన పుస్తకాలు ఎలా తయారయ్యాయో తెలిసింది అలాగే. చింతా దీక్షితులు దాచబట్టే చలం ఆయనకు రాసిన ఉత్తరాలు మనకు మిగిలాయి.

ఇప్పటి సంగతేమిటి? రచయితకూ ప్రచురణకర్తకూ మధ్య మాటలన్నీ ఫోన్‌లో, వాట్సప్‌లో నడుస్తున్నాయి. ఫలానా అధ్యాయం ఎందుకు తీసేశారు, పేరు ఎవరు మార్చారు, ప్రూఫులో రచయిత ఏం దిద్దారు అన్నవన్నీ హ్యాండ్‌సెట్ మారగానే గల్లంతు. నలభై ఏళ్ల తర్వాత ఒక నవలకు సరైన పాఠం నిర్ణయించాల్సిన పరిశోధకుడికి అచ్చుప్రతి తప్ప మరేమీ దొరకదు.

అప్పులు, అనారోగ్యం, అలకలు నిండిన సొంత ఉత్తరాలను బయటపెట్టడం న్యాయమేనా అన్న ప్రశ్న లేకపోలేదు. కాగితం అందుకున్నవారిదే కావచ్చు, అందులోని రాతపై హక్కు మాత్రం రాసినవారిది, వారి తర్వాత వారసులది. అనుమతి లేకుండా అచ్చు వేయడం తప్పే. కానీ దాచడం వేరు, అచ్చు వేయడం వేరు. దాచినదాన్ని ఎప్పుడు, ఎంత చూపాలో తర్వాతివారు తేల్చుకోగలరు. పారేసిన దాని మీద ఆ తర్జనభర్జనకే తావుండదు.

ఇందుకు పెద్ద నిధులేమీ అక్కర్లేదు. ప్రచురణ సంస్థ ప్రతి పుస్తకానికీ ఒక ఫైలు తెరిచి ఈమెయిళ్లను, దిద్దిన ప్రూఫులను అందులో ఉంచితే చాలు. రచయితల వారసులు పాత కట్టలను తూకానికి వేయకుండా వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాల తలుపు తట్టవచ్చు. ఇంటికి దూరంగా తెలుగు రాసుకునే భిలాయి వంటి చోట్ల ఈ జాగ్రత్త మరింత అవసరం. అక్కడ ఒక కట్ట పోతే ఇంకో నకలు దొరికే అవకాశం తక్కువ. ముక్తిబోధ్‌కు ఒక నేమిచంద్ర ఉన్నారు. అందరికీ అంతటి మిత్రుడు దొరకడు కాబట్టే ఆ పని వ్యవస్థ చేయాలి.