జపాను దేశపు పితృదేవతల పండుగ

వేసవిలో జపాను దేశమునకు యాత్ర పోవు సోదరీమణులు అచటి వీథులలోని కాగితపు దీపములను, నృత్యములను చూచి ముచ్చటపడుదురు. ఆ దీపము లెవరికొఱకు వెలుగుచున్నవో యెఱిగినచో ఆ ముచ్చట భక్తిగా మారునని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ పండుగ పేరు ఓబోను. కొన్ని తావుల జూలై నడుమను, పెక్కు తావుల ఆగస్టు 13 మొదలు 16 వరకును జరుగును. గతించిన పెద్దలు ఆ దినములలో తమ యిండ్లకు వత్తురని వారి నమ్మకము. మొదటి సాయంకాలము వాకిట చిన్న మంట వేసి వారికి త్రోవ చూపుదురు. కీరదోసకాయకును వంకాయకును పుల్లలు కాళ్లుగా గ్రుచ్చి, మొదటిదానిని గుఱ్ఱముగను రెండవదానిని ఆవుగను నిలుపుదురు. వచ్చునపుడు గుఱ్ఱమెక్కి వేగముగ రావలెను. పోవునపుడు ఆవు నెక్కి మెల్లగా పోవలెను. ఇంటికి వచ్చిన తల్లి త్వరపడి పోవలెనని యే బిడ్డ కోరును?

ఈ పండుగకు మూలమగు కథ మన దేశపు బౌద్ధభిక్షువును గూర్చినదే. బుద్ధుని శిష్యుడగు మౌద్గల్యాయనుడు దివ్యదృష్టితో చూడగా, మరణించిన తల్లి ప్రేతలోకమున ఆకలిచే కృశించుచుండెనట. ఆతడిచ్చిన అన్నము ఆమె నోట పడకమున్నే నిప్పయ్యెను. బుద్ధుని యానతిచొప్పున ఏడవ మాసపు పౌర్ణమినాడు భిక్షువులకు భోజనమిడగా ఆమెకు విముక్తి కలిగెను. ఆ యానందమున ఆతడు చిందులు వేసెననియు, అదియే నేటి బోను నృత్యమనియు చెప్పుదురు.

నడుమ మంచెపై మద్దెల మ్రోగుచుండ, జనులు చుట్టును వలయముగా తిరిగి యాడుదురు. గుజో పట్టణమున ఆ నాలుగు రాత్రులును తెల్లవాఱువఱకు ఆడుదురు. అది 2022లో యునెస్కో వారసత్వపు పట్టికలో చేరిన నృత్యములలో నొకటి. పరదేశీయులును వలయమున కలియవచ్చును. ముందున్నవారి చేతులను చూచి అడుగు వేసిన చాలును. ఆగస్టు 16 రాత్రి కియోటో చుట్టునున్న అయిదు కొండలపై మంటలు వెలిగించి పెద్దలను సాగనంపుదురు. అవి వేడుకకై వెలిగించు బాణసంచా కావు, వీడ్కోలు దీపములు. కావున చేతులు జోడించి చూచుట మర్యాద. ఇండ్ల వాకిటి మంటలను, సమాధులకడ కన్నీరు పెట్టువారిని అనుమతిలేక ఛాయాచిత్రములు తీయరాదు.

మన యిండ్లలోను మహాలయపక్షము వచ్చును, తర్పణములు జరుగును. ఆ దినమున వంటయింటి పనితోడనే మన వంతు ముగియుచున్నది. మన పిల్లలలో ముత్తవ్వ పేరు చెప్పగలవా రెందరు? ఈ యేడు ఆ భోజనము వడ్డించునపుడు ఆమె పేరును, ఆమె కథ యొకటియు బిడ్డల చెవిని వేయుడని మా మనవి.