నిద్ర సోమరితనమా?

“పరీక్షలు దగ్గరపడుచుండగా నిద్ర యేమి?” అని పిల్లలను మందలించుట మన యిండ్లలో పరిపాటి. కోరాపుట్, రాయగడ ప్రాంతముల తెలుగు బాలబాలికలకు ఇంట తెలుగు, వీథిలో ఒడియా, పుస్తకములలో హిందీ, ఇంగ్లీషు. నాలుగు లిపుల భారము మోయుటకు పగలు చాలక రాత్రిని కోసికొనుచున్నాము. నిద్ర తగ్గించిన గంట చదువునకు లాభమని మన నమ్మకము. అది పొరపాటని నా యభిప్రాయము.

నిద్ర మెదడు గల ప్రాణులకే యని పలువురు తలచెడివారు. కాని 2017లో అమెరికాలోని కాలిఫోర్నియా పరిశోధకులు మెదడే లేని కాసియోపియా యను జెల్లీచేప రాత్రివేళ నిద్రించునని చూపిరి. పగలు నిమిషమునకు సుమారు 58 మారులు ముడుచుకొని విచ్చుకొను దాని గొడుగువంటి దేహము, రాత్రి 39 మారులే కదలును. రాత్రి నిద్ర చెడినచో మరునాడది మందగించును.

జెల్లీచేపకు దగ్గరి చుట్టమైన హైడ్రా మంచినీటి చెరువులలో నీటిమొక్కల నంటి బ్రదుకును. జీవశాస్త్ర పుస్తకములలో దాని బొమ్మను చూచియే యుందుము. దానికిని నిద్రవంటి స్థితి గలదని, అది నాలుగేసి గంటల వరుసలో వచ్చుచుండునని 2020లో జపాను, దక్షిణ కొరియా పరిశోధకులు ప్రకటించిరి. ఆ నిద్రను చెరుపగా 212 జన్యువుల పనితీరు మారినది. వానిలో, ఇతర జంతువులందు నిద్రను నడిపించు జన్యువును గలదు. అంతకంటె ముఖ్యముగా, దేహమును నిత్యము క్రొత్తగా నిర్మించు కణముల వృద్ధి కుంటుపడినది.

హైడ్రాకు చెల్లినదెల్ల మనుష్యునకు చెల్లునని నేననను. అయినను, మెదడు ఏర్పడకముందే నిద్ర యుండెననియు, అది దేహపు పెరుగుదలతో ముడివడియున్నదనియు ఈ పరిశోధనలు సూచించుచున్నవి. పిల్లలలో పెరుగుదలకు తోడ్పడు హార్మోను గాఢనిద్రలో అధికముగా స్రవించునని వైద్యులును చెప్పుదురు. 13 మొదలు 18 ఏండ్ల వారికి దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర వలయునని వారి సలహా.

“మేము గ్రుడ్డిదీపము ముందు తెల్లవార్లు చదివి పైకి రాలేదా?” యని పెద్దలు అడుగవచ్చును. వచ్చిరి; వారికి నమస్కారము. కాని వారిని పైకి తెచ్చినది పట్టుదలయే గాని నిద్రలేమి కాదు.

కావున తలిదండ్రులారా, పిల్లలచే ఏడాది పొడవున దినదినము కొంచెము కొంచెముగా చదివింపుడు. రాత్రి వేళకు దీపమార్పుడు. సోదర విద్యార్థులారా, చేతిఫోనును ప్రక్కనుంచి పరుండుడు. నిద్రించు బాలుడు కాలమును వ్యర్థపుచ్చుటలేదు, పెరుగుచున్నాడు.